మ్యూజియంలో పెళ్ళిచూపులు

"తాతా, అద్దం మీద చెయ్యి పెట్టకండి" అంది ఆర్తి తమిళంలో.

ముసలాయన గబుక్కున చెయ్యి తీసేశాడు. అద్దం అవతల, మనిషి ముడుచుకుని కూర్చుంటే పట్టేంత మట్టికాగు ఉంది.

విరుదునగర్‌లోని ఆ చిన్న మ్యూజియంలో ఆ ఉదయం ముగ్గురే ఉన్నారు. ఆర్తి, వాళ్ళమ్మ రుక్మణి, ఎవరో ఈ ముసలాయన.

పెళ్ళిచూపులకి మ్యూజియం ఏమిటని అడక్కండి. అది రుక్మణి తెలివి. గుడిలో పెట్టుకుంటే వాళ్ళుండే మగ్గాల వీధి మొత్తానికీ తెలిసిపోతుంది. మ్యూజియంలోకి ఆ వీధివాళ్ళు చచ్చినా అడుగుపెట్టరు.

పెళ్ళికొడుకు కార్తివాళ్ళు కోవిల్‌పట్టి నుంచి కారులో బయల్దేరారు.

"ఇది నీళ్ళకాగా అమ్మా?" ముసలాయన తమిళంలోనే అడిగాడు.

"కాదు తాతా. వెనకటి కాలంలో చనిపోయినవాళ్ళని ఇందులో కూర్చోబెట్టి, పక్కన గిన్నెలు పెట్టి పూడ్చేవాళ్ళు."

"గిన్నెలెందుకు?"

"పోయే దారిలో ఆకలేస్తుందని."

ముసలాయన తల ఊపాడు. "ఇవన్నీ నీకెలా తెలుసు?"

ఆర్తి మొహం వెలిగిపోయింది. సెలవుల్లో వెంబకోట్టై తవ్వకాల్లో పనిచేశానని చెప్పింది. పొద్దంతా కుంచెతో మట్టి దులిపితే సాయంత్రానికి ఒక్క పూస బయటపడిందని, ఆ రోజు అన్నం కూడా గుర్తు రాలేదని చెప్పింది.

రుక్మణికి ఒళ్ళు మండింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం వాళ్ళకి. పరాయివాళ్ళ ముందు గుట్టు మాట్లాడాలంటే మాత్రం మళ్ళీ తెలుగులోకి దూరిపోతారు.

"ఆ ముసలోడి కాడ ఏంటికే నీకు పేచ్చు? వాళ్ళు వచ్చే యాల" అంది తెలుగులో.

"అమ్మా, నిజం చెప్తా. నాకు ఈ పెండ్లి వద్దు. మదురైలో ఈ తవ్వకాల చదువుకే సీటు వచ్చిండాది. చదువుకోనీ మా."

"మెల్లిగా."

"ఆయన అరవాయన. మన మాట ఏం తెలుస్తాది?"

రుక్మణి గొంతు తగ్గింది. "వాళ్ళ కులసామి కాడ తెల్లపూవు వచ్చిండాది. ఇంక మనం వద్దంటే సామి మాటనే తోసేసినట్టు. రేపు నీ చెల్లెల్ని ఎవరొచ్చి అడుగుతారు?"

ఆ ఊళ్ళలో అదొక కట్టుబాటు. సంబంధం ఖాయం చేసేముందు తెల్లపూవు ఒక ఆకులో, ఎర్రపూవు ఒక ఆకులో పొట్లం కట్టి కులదేవుడి ముందు వేస్తారు. పూజారి ఒకటి తీసి, తానొక్కడే విప్పి చూసి చెబుతాడు. తెల్లదైతే దేవుడు సరేనన్నట్టు. ఎర్రదైతే అంతటితో సరి, ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోరు.

"తెలుసు మా. అందుకే చీర కట్టుకోని వచ్చినా. వాళ్ళు అడిగితే సరే అనే చెప్తా. నీ కాడ ఒకసారి చెప్పుకోవాలనిపించింది, అంతే."

ఆర్తి కళ్ళు తుడుచుకుంది. ముసలాయన కాగు వైపే చూస్తున్నాడు.

"ముందు ఈయన్ని పంపించు. నశ్యం కంపు. మన చుట్టమనుకుంటారు వాళ్ళు" అంది రుక్మణి.

ఆర్తికి మనసొప్పలేదు. అయినా తమిళంలో మెత్తగా చెప్పింది. "తాతా, మాకు కొంచెం పనుంది. బయట బెంచీ మీద కూర్చుంటారా?"

"సరేనమ్మా" అని ఆయనా తమిళంలోనే అని, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఎంతసేపు చూసినా కారు రాలేదు. ఫోన్ వచ్చింది. ఈ సంబంధం తెచ్చిన ఆడబిడ్డ గాంధిమతి. రుక్మణి స్పీకర్ పెట్టింది.

"వదినె, వాళ్ళు రాలే. సాత్తూరు కాడనే కారు తిప్పేసినారు."

"ఏంటికి?"

"సామి ఇచ్చింది ఎర్రపూవంట. పూజారి తప్పుగా చూసినాడంట. పిల్ల మీద ఒక మాట పడకూడదు, తప్పంతా మాదే అని మరీ మరీ చెప్పినారు."

రుక్మణి అక్కడే కూలబడింది. ఆర్తికి గుండెల మీంచి బండ దిగినట్టయింది, కానీ సంతోషపడటానికి భయమేసింది.

"తెల్లదని నోరారా చెప్పి ఇప్పుడు ఎర్రదా? ఎవరా పూజారి?"

"కార్తి తాతే, వెళ్ళైసామి. పిల్లను ముందే చూస్తానని పొద్దున్నే ఒంటిగా బస్సెక్కి ఆడికే వచ్చినాడే. మీరు చూడలేదా? ఆడనుంచే వీళ్ళకి ఫోన్ చేసినాడు."

రుక్మణి తలుపు వైపు చూసింది. "ఆయనకి... మన మాట వచ్చునా?"

"ఏమి వదినె అట్టా అడుగుతుండావు? ఇంట్లో మనవళ్ళు అరవం మాట్లాడితే పలకనే పలకడు."

ఆర్తి బయటికి పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది. కోవిల్‌పట్టి బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది. ఆ మనిషిని బయటికి పంపింది తన నోరే కదా అనుకుంటే ఆమెకి సిగ్గుతో ఏడుపు ఆగలేదు.

లోపలికొచ్చి అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "అత్తా, ఆ తాతతో నేను ఒకసారి మాట్లాడాల."

"ఇప్పుడు వద్దు పాపా" అంది గాంధిమతి. "పుట్టినకాడినుంచి ఆ గుడే లోకం ఆయనకి, పూవునే తప్పుగా చూసిన కన్ను ఇంక సామి ముందర నిలవకూడదని, ఆ ఫోన్లోనే పూజారితనం కొడుక్కి వదిలేసినాడు."