ఇద్దరూ ఒప్పుకున్న మనిషి

గొడ్డలి పట్టుకుని వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు టవర్ గేటు ముందు ఆగిపోయారు.

గేటుకు అడ్డంగా రూతమ్మ కూర్చుని ఉంది. తెల్లచీర, సన్నటి మనిషి. చేతిలో కర్ర కూడా లేదు.

"పెద్దోబన్న కొడుకువు కదా నువ్వు?" అంది కళ్లు చికిలించి.

వాడు గొడ్డలి వెనక్కి దాచుకున్నాడు.

"నీ పక్కనోడు యెంగటసుబ్బన్న మనవడు. ఈ ఎండలో యాడికప్పా బయల్దేరినారు?"

"కట్టెలకు పోతాండాం అవ్వా."

"కట్టెలు ఆ పక్కుండాయి. పోండి."

వచ్చిన దారినే వెళ్లిపోయారు.

జనరేటర్ గదిలోంచి ఇదంతా చూసిన గఫూర్ అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు. ముసలామె మీద జాలిపడి వదిలేశారనుకున్నాడు.

గఫూర్‌ది ప్రొద్దుటూరు. తొండూరు చుట్టుపక్కల టవర్లన్నీ అతనే చూసుకుంటాడు. ఈ ఊరి టవరంటే మాత్రం అతనికి గుండెదడ. ఊళ్లో గేరులనే రెండు వీధులు, రెండు పార్టీలు. ఎగువ గేరి వాళ్లు ఒక కంపెనీ ఫోను పట్టుకుంటే, దిగువ గేరి వాళ్లు పంతానికి ఇంకో కంపెనీ ఫోను పట్టుకున్నారు. ఉన్న టవరు ఎగువ గేరి వాళ్ల కంపెనీది. తమ కంపెనీకి వేరే టవర్ కావాలని దిగువ గేరి పట్టుబట్టింది.

ఇంతలో ఎగువ గేరి వాళ్ల ఫోను కంపెనీ తన టవర్లన్నింటినీ ఒక టవర్ల కంపెనీకి అమ్మేసింది. కొత్త ఆఫీసరుగా ప్రకాశరావు వచ్చాడు. ఆఫ్రికాలో కొన్నేళ్లు ఇదే పని చేసి వచ్చిన మనిషి.

"అక్కడ మా టవర్ మీద మూడు కంపెనీలు కాపురం చేసేవి గఫూర్. ఈ ఊరికి రెండు టవర్లెందుకు? రెండో కంపెనీ యాంటెన్నా కూడా దీనికే తగిలిద్దాం."

"ఒకరి మీద కోపంతో ఇంగొకరు తగలబెడతారు సార్."

"ఎలా తగలబెడతారు? కరెంటు ఒకటే, జనరేటర్ ఒకటే. పక్కవాడి ఫోను చంపితే తన ఫోనూ చస్తుంది."

మాట బాగానే ఉంది, రెండో యాంటెన్నా ఎక్కింది. కాపలాకు ఎవరిని పెట్టాలన్నదే తెగలేదు. ఈ గేరి మనిషంటే ఆ గేరి ఒప్పుకోదు. చివరకు ఎగువ గేరికి పెద్దదిక్కయిన నాగేంద్రమ్మ, దిగువ గేరి కొండారెడ్డి, ఇద్దరూ ఒకే పేరు చెప్పారు.

రూతమ్మ.

చర్చి పక్కన ఒంటరిగా ఉండే మనిషి. ఎవరికీ కానిది గనకే ఇద్దరూ ఒప్పుకున్నారని గఫూర్ అనుకున్నాడు.

గొడ్డలి సంగతి చెబితే ప్రకాశరావు కంగారుపడ్డాడు.

"ఆమెకేమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి? కెమెరా పెడదాం, సైరన్ పెడదాం. ఆమెను పంపించెయ్."

గఫూర్‌కూ అదే మంచిదనిపించింది.

"కంపెనీ కెమెరా పెడతాంది పెద్దమ్మా. నువ్వింక ఇంటికాడ నెమ్మదిగా ఉండు."

రూతమ్మ పైకి చూసింది. "అది చూస్తాది, సరేప్పా. అడిగితే చెప్తాదా?"

"దాంట్లో బొమ్మ పడతాది."

"నేను పోనప్పా. ఇద్దరూ చేరి పెట్టినారు నన్ను. ఇద్దరూ చేరి పొమ్మంటే పోతా."

మరునాడూ వచ్చింది. గేటుకు తాళం వేస్తే బయట ఎండలో కూర్చుంది. జ్వరంతో వణుకుతూ కూడా వచ్చింది. గఫూర్ ఓపిక నశించి, ఆమెను జీపెక్కించి చెన్నూరులో ఆమె చెల్లెలు ఆనందమ్మ ఇంటి ముందు దించాడు.

దిగేటప్పుడు ఆమె, "తప్పు చేస్తాండావు నాయనా" అంది.

ఎన్నికల ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నం టవర్ తగలబడింది.

ముందు కెమెరా మీద గోనెపట్ట పడింది. తర్వాత జనరేటర్ మీద డీజిల్ పడింది. సైరన్ కాసేపు కూసి ఆగిపోయింది. రెండు గేరుల ఫోన్లూ ఒక్కసారే మూగబోయాయి. తన ఫోను చస్తుందన్న ఆలోచన ఎవరికీ అడ్డురాలేదు.

ఆ సాయంత్రమే దిగువ గేరిలో ఒక నిండు చూలాలికి నొప్పులొచ్చాయి. అంబులెన్సును పిలిచే దారి లేక ట్రాక్టర్ మీద పులివెందులకు తీసుకుపోయారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

పోలీసులు ఇంటింటికీ తిరిగారు. పట్టపగలు జరిగింది. ఎవరూ ఏమీ చూడలేదు.

గఫూర్ పట్టు వదల్లేదు. టవర్ మళ్లీ నిలబెట్టాల్సిందేనని ప్రకాశరావుతో వాదించి ఒప్పించాడు. రూతమ్మను పిలుచుకురావడానికి తానే చెన్నూరు వెళ్లాడు.

వెళ్లినవాడు ఒంటరిగా తిరిగొచ్చి నాగేంద్రమ్మ ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఆయమ్మ యాడ?" అంది నాగేంద్రమ్మ.

"జ్వరం తగ్గనే లేదంటమ్మా. పోయిన ఆదివారం మట్టి చేసినారంట. సమాధి చూసొస్తి."

నాగేంద్రమ్మ గడప మీద కూర్చుంది.

"ఇంగ ఎవురిని పెట్టుకుంటావో పెట్టుకో గఫూరూ. ఆయమ్మ లాంటి మనిషి దొరకదు."

"మీరిద్దరూ ఒప్పుకునింది ఆమె ఒక్కదాన్నే. ఏందమ్మా ఆమెలో అంత ఉండేది?"

"ఈ ఊర్లో చూసింది చూసినట్టు చెప్పేది ఆయమ్మే. అది నాకు తెలుసు, కొండారెడ్డికీ తెలుసు."

నాగేంద్రమ్మ గోడమీది భర్త ఫోటో వైపు తిరిగింది.

"మా ఆయప్పను బస్టాండు కాడ నరికినప్పుడు ఊరంతా చూసింది. కోర్టులో ఒక్కరూ నోరు తెరవలా. ఆయమ్మ ఒక్కతే బోనెక్కింది. ఎవురు నరికినారని జడ్జి అడిగితే, వేలు పెట్టి చూపించి, 'వీడేనయ్యా, నా కొడుకు' అనింది."