అవతలి ఒడ్డు సారు

"డెమో మూడింటికి వద్దండీ. ఒక గంట ముందు పెట్టుకుందాం," అని స్వామి సార్ క్లయింటును మూడోసారి బతిమాలాడు.

క్లయింటు కుదరదన్నాడు. స్కాట్లండ్‌లో వాళ్లకు అప్పుడే పొద్దున్నట, అప్పుడే తీరికట.

అదే కాల్‌లో వింటున్న హర్షిత ఉసూరుమంది. ఆమెకూ మూడు గంటలంటేనే భయం. గోదావరి అవతల మణుగూరు బొగ్గు గనుల్లో ఆ వేళకే బ్లాస్టింగ్ చేస్తారు. ఆ దెబ్బకు దుమ్ముగూడెం ఒడ్డున జంపక్క ఇంట్లో స్టీలు గిన్నెలు గణగణమంటాయి. జంపక్క ఇంటి ముందు గదే హర్షిత కిరాయి ఇల్లు, ఆఫీసు కూడా.

ఆ మాట సార్‌కు చెప్పే ధైర్యం ఆమెకు లేదు. హైదరాబాద్‌లో ఇద్దరు, పోలండ్‌లో ఒకడు, అడవి అంచున తను. ఈ చెట్టుకొకరు పుట్టకొకరు బృందానికి స్వామి సార్ పెద్ద. పేరు పక్కన 'ఆన్‌షోర్ లీడ్', అంటే క్లయింటు ఒడ్డు చూసుకునే పెద్ద, అని ఉంటుంది కాబట్టి లండన్‌లో ఉంటాడని అందరి లెక్క. కెమెరా ఎప్పుడూ పెట్టడు. ఆయన తెలుగు ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఒకసారి జంపక్క పుంజు మీటింగులో కూసినందుకు, "హర్షిత గారూ, ఆ కోడి క్లయింటుకు వినిపిస్తే మన కథ కంచికే," అన్నాడు.

కథ నిజంగానే కంచి దారిలో ఉంది. దీవుల మధ్య తిరిగే పడవలకు టికెట్లమ్మే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఇవాళ డెమో బాగుంటే ఎక్కడివాళ్లు అక్కడే పనిచేసుకోవచ్చని క్లయింటు మాట. తేడా వస్తే అందరూ హైదరాబాద్ ఆఫీసుకు మూటాముల్లె సర్దుకోవాలి. హర్షిత భర్త బాలకృష్ణ ఇక్కడ ఫారెస్టు బీట్ ఆఫీసర్. పెళ్లయిన కొత్తలో ఆమె అక్కడ, అతను ఇక్కడ. కాపురమంతా ఫోన్లోనే సాగింది. మళ్లీ ఆ బతుకు తలచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది.

"ఎవరికెలా ఉన్నా, ఈ డెమో గెలవడం నాకు చాలా అవసరం," అన్నాడు స్వామి సార్, క్లయింటు తప్పుకున్నాక ఫోన్ పెట్టేస్తూ.

దొర లండన్‌లో కూర్చుని ఎన్నయినా చెబుతాడు, అని లోపల గొణుక్కుంది హర్షిత.

"ఏంది బిడ్డా, మొకం గట్ల వెట్టినవ్?" అంటూ జంపక్క చాయ్ తెచ్చింది.

"మా సార్‌తో మీటింగు జంపక్కా. జర పుంజును గంప కింద మూయవా?"

"ఎప్పుడో మూసిన. గింతకూ మీ సారు ఏడుంటడు?"

"ఆన్‌షోర్‌లో. అంటే... అవతలి ఒడ్డు."

జంపక్క గోదావరి దిక్కు చెయ్యి చూపింది. "అవతలి ఒడ్డంటే మణుగూరేనాయె! ఆ మాత్రానికే గంత దొరతనమా?"

హర్షితకు నవ్వాగలేదు. మధ్యలో సముద్రాలున్నాయని చెప్పే ఓపిక లేక చాయ్ తాగేసింది.

డెమో మొదలైంది. హర్షిత తెర నడుపుతోంది, స్వామి సార్ మాట్లాడుతున్నాడు. బుకింగ్ సాఫీగా సాగింది. ఉన్నట్టుండి క్లయింటు అడ్డం తిరిగాడు.

"తుఫాను వచ్చి పడవ ఆగిపోయింది. టికెట్లు కొన్నవాళ్ల గతేమిటి?"

ఇది ముందు అనుకున్న ప్రశ్న కాదు. హర్షిత మైకు తెరిచింది.

"ఒక్క బటన్ సార్. అందరూ తర్వాతి పడవలోకి మారిపోతారు. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు ముందు. వరదొచ్చి పడవలు ఆగితే ఒడ్డున జనం ఎట్లా అల్లాడతారో మా దగ్గర చూశాను. అందుకే ఎవరూ అడగకపోయినా ఇది పెట్టాను."

బటన్ నొక్కింది. తెర మీద పేర్లన్నీ బుద్ధిగా కొత్త పడవలోకి ఎక్కాయి. క్లయింటు "ఓహో!" అన్నాడు. ఆ సంబరంలో ఆమె చేతులు ఏం నొక్కాయో ఆమెకే తెలియలేదు.

అప్పుడే చెవిలో హెడ్‌ఫోన్ ధన్‌మని మోగింది.

"అదేం చప్పుడు?" అన్నాడు క్లయింటు.

హర్షిత మైకును గుప్పిట్లో బిగించింది. కాసేపటికి వంటింట్లో జంపక్క గిన్నెలు గణగణలాడాయి. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది.

"క్షమించండి. ఆ చప్పుడు నా వైపు నుంచి," అన్నాడు స్వామి సార్.

క్లయింటు నవ్వేశాడు. "చప్పుడుదేముంది! ఒడ్డున నిలబడినవాళ్ల బాధ తెలిసిన మనిషి మీ బృందంలో ఉంది. మీరెవరూ ఎక్కడికీ కదలక్కర్లేదు. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండండి."

హైదరాబాద్ వాళ్లు ఈలలు వేశారు. పోలండ్ అబ్బాయి బల్ల మీద దరువేశాడు. హర్షిత పరుగెత్తి జంపక్కను వాటేసుకుంది. "గెలిచినం జంపక్కా, గెలిచినం!" జంపక్కకు సంగతేమిటో తెలియకపోయినా తనూ గట్టిగా నవ్వి, గంప లేపి పుంజును వదిలింది. అది ఇన్నాళ్ల కసి తీరా కూసింది.

బాలకృష్ణకు కబురు చెప్పబోతుంటే స్వామి సార్ ఫోన్ వచ్చింది. హర్షితకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సార్, ఆ చప్పుడు మా ఊళ్లో వినబడే బ్లాస్టింగ్‌ది. నా తప్పు మీ నెత్తిన వేసుకుని నన్ను కాపాడారు. ఈ మేలు మరువలేను."

"మీరేం తప్పు చేయలేదు హర్షిత గారూ. అప్పుడు మీ మైకు మ్యూట్‌లోనే ఉంది."

"మరి ఆ చప్పుడు..?"

అటువైపు నవ్వు వినిపించింది. ఆ నవ్వులో తెలుగు ఇస్త్రీ మొత్తం నలిగిపోయింది.

"నేనుండేది అవతలి ఒడ్డేనే చెల్లే, మణుగూరుల!"