కత్తెర మాస్టారు అడగని ప్రశ్న

"ఏవండీ, ఈ ఒక్కరోజుకీ నోరు కట్టేసుకోండి. ఉద్యోగం కోసం అంత దూరం నుంచి వస్తోందట ఆ పిల్ల," అంది భార్య, చొక్కా అందిస్తూ.

"లెక్కల్లో జాలీ గీలీ ఉండవే," అన్నారు కత్తెర మాస్టారు.

ఆ పేరు పెట్టింది గణిత విభాగమే. ఎవరి ఉపన్యాసాన్నైనా ఆయన ఒక్క ప్రశ్నతో అడ్డంగా కత్తిరించేస్తారు. కిందటిసారి వచ్చిన అభ్యర్థి, ఇప్పుడే నీళ్లు తాగొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు.

ఈసారి వచ్చిన అమ్మాయిది పలుచని అయస్కాంత పొరల మీద పరిశోధన. పొరలో ఒక భాగం అయస్కాంతత్వం ఒక దిక్కు చూస్తే, పక్క భాగానిది ఎదురు దిక్కు. మధ్యలో అది మెల్లగా తిరిగే సన్నని పట్టీయే గోడ. ఒకే తీరున తిరిగే రెండు గోడలు పక్కపక్కనే ఉన్నా ఎప్పటికీ కలిసిపోవని ఆమె సిద్ధాంతం. బోర్డు నిండా సమీకరణాలు పరిచింది.

"ఇక్కడ అందరికీ తెలిసిన లెమ్మా ఒకటి వాడుకుంటున్నాను," అంటూ ఒక మెట్టు చకచకా దాటేసింది.

మాస్టారి గుండె గుభేలుమంది. గోడకు దూరంగా పోయేకొద్దీ శక్తి గబగబా తగ్గిపోతుందంటుంది ఆ లెమ్మా, అంటే ఇదివరకే నిరూపించిపెట్టిన ఆ చిన్న సూత్రం. తగ్గదు. నత్తనడకన తగ్గుతుంది. అది చాలు, నిరూపణ మొత్తం కూలడానికి. దాంతోపాటే పిల్ల ఉద్యోగమూ గల్లంతు.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారు విభాగాధిపతి.

హాలంతా మాస్టారి వైపు తిరిగింది. అమ్మాయి సుద్దముక్కను గట్టిగా పట్టుకుంది. మాస్టారు లేచారు. గొంతు సవరించుకున్నారు. నుదుటి చెమట తుడుచుకున్నారు.

"బాగుందమ్మా," అని కూర్చున్నారు.

"మనవరాలు పుట్టాక మనిషి మెత్తబడ్డాడు," అని వెనక వరసలో గుసగుసలు. ఒకాయనకైతే కళ్లు చెమర్చాయి.

సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది. టీ దగ్గర మాస్టారు ఆమెను పక్కకు పిలిచారు.

"ఆ లెమ్మా తప్పమ్మా. అడిగేసేవాణ్ణే. పాపం, చిన్నపిల్లవి కదా అని ఊరుకున్నాను."

ఆమె కప్పు కింద పెట్టి, వినయంగా గొంతు తగ్గించింది.

"తెలుసండీ, ఆ లెమ్మాతో పనిలేని నిరూపణ కూడా నా సంచీలోనే ఉంది, కానీ మీరు ప్రశ్న వెయ్యకుండా ఉండాలంటే, మీరు కనిపెట్టిన లెమ్మానే వాడాలి కదా!"