చిన్నయ్య పేరు పిలవండి

1957లో ఒకనాడు గిద్దలూరు స్టేషన్‌లో చీకటి పడింది. హైదరాబాదులో స్టేడియం కట్టే కూలీలు మేస్త్రీ ఎదుట నిలబడ్డారు. అక్కడ పరంజా విరిగి చిన్నయ్య చనిపోతే, అతను తన కూలీయే కాదన్నాడు కంట్రాక్టరు. ఆ రోజే అందరూ పని మానేసి ఊరికి వచ్చేశారు. ఇప్పుడు వాళ్లను మళ్లీ తీసుకుపోవడానికి వచ్చిన మేస్త్రీ, రైలెక్కించే ముందు హాజరు పిలవబోయాడు.

"పరంజాలు గట్టిగా కట్టిస్తామన్నారు. ఇంకేంది?" అన్నాడు మేస్త్రీ.

"మా ఆయన పేరు గూడా పిలవన్నా. ఆయన మీ కూలీయేనని అందరూ వినాల. అప్పుడే రైలెక్కుతాం," అంది చిన్నయ్య భార్య శ్రీశైలమ్మ.

మేస్త్రీ లాంతరు ఎత్తి, తడబడుతూ పిలిచాడు. "మేకల చిన్నయ్యా!"

ఖాళీ ప్లాట్‌ఫారం చివర నుంచి చిన్నయ్య బొంగురు గొంతు పలికింది. "ఉండానన్నా."

ఎవరూ వెనక్కి తిరగలేదు. మేస్త్రీ లాంతరు దించాడు. శ్రీశైలమ్మ తల ఎత్తుకుని నిలబడింది.

"విన్నావు గదా అన్నా. మిగతావాళ్లను పిలువు."