కండెల మోటారు మోత

నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో చీకటి పడింది. రాజేశం భజన పెట్టగానే స్పీకరులో బుర్రుమని మోత మొదలైంది. ఫ్రిజ్ ఆపాడు, పంకా ఆపాడు. మోత పోలేదు. భార్య లసుంబాయి నూలు కండెలు చుట్టే మోటారు తిరిగితేనే స్పీకరు అలా మోగేది. ఆమె పోయి ఏడాది. పక్క గదిలోని ఆ మోటారు వైరు ఆమె పోయినప్పుడే పీకేశాడు.

మోత ఆగింది, తెగిన పోగు ముడివేసేంత సేపు. మళ్లీ మొదలైంది.

గోడ అవతల నుంచి పక్కింటి మంగళ అరిచింది. "మామా, బస్ జేయ్ ఇగ, ఆపు! రాత్రి గూడ కండెలేనా? పోరి లేస్తది!"

"అయిపోవచ్చింది బిడ్డా," అన్నాడు రాజేశం.

స్పీకరు కట్టేస్తే లసుంబాయి వెళ్లిపోతుందేమోనని భయం. గదిలోకి చూస్తే ఎవరూ ఉండరేమోనని అంతకన్నా భయం.

చీకట్లో పోగులు చూస్తే ఆమె కళ్లు గుంజుతాయని, తలుపు సందులోంచి చెయ్యి పెట్టి, లోపలికి చూడకుండా లైటు వేశాడు.