నీళ్ళగడ్డి పాలు

"రెండు లీటర్లు! పైన ఇంకో గ్లాసు!"

భార్య బుచ్చవ్వ పాలగిన్నె తెచ్చి అరుగు మీద పెట్టేసరికి పాండురంగానికి సంతోషించాలో తల గోక్కోవాలో తెలియలేదు. ముందుగా తలే గోక్కున్నాడు.

"కొత్త గడ్డి పెట్టింది నిన్న మాపటికి కదనే. తెల్లారేసరికి పాలెట్ల పెరుగుతయి?"

"తగ్గితె పరేషాన్, పెరిగితె పరేషాన్. నీతోని ఎట్లనయ్యా?" అంటూ బుచ్చవ్వ లోపలికి నడిచింది.

గడ్డిఅన్నారంలో ఇప్పుడు గడ్డి ఉన్నది పేరులోనే. పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ లచ్చికి ఏ లోటూ లేదు. పుచ్చకాయ తొక్కలు, మెత్తబడ్డ అరటిపండ్లు బండి మీద వేసుకొచ్చి ఆ బర్రె ముందు పోసేవాడు పాండురంగం. మార్కెట్ తరలిపోయింది. ఖాళీ జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. లచ్చికి వయసు మళ్లింది, పాలు లోటాకు దిగాయి.

అదను చూసి కోడలు వర్ష కొట్టం మీద కన్నేసింది. రోడ్డు పక్క జాగా, బ్యూటీ పార్లర్‌కు అంతకంటే మంచిది దొరకదు. పెళ్లికి ముందు ఎల్బీనగర్‌లో ఆ పని నేర్చుకుంది. నిలువెత్తు అద్దాలు రెండు ముందే కొని, దుప్పటి చుట్టి కొట్టం గోడకు ఆనించింది కూడా. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుందని పాండురంగం గొణుక్కున్నాడు.

కొడుకు ప్రవీణ్ మధ్యేమార్గం చెప్పాడు. "దసరా దాక చూద్దాం నాయినా. పొద్దటి పూట రెండు లీటర్లిస్తె ఉంటది. లేకుంటె అంగడికి తోల్దాం."

ముసలి బర్రెను అంగట్లో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో పాండురంగానికి తెలుసు. ఆ రోజు అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేకపోయాడు. వర్ష ఒక్క మాటైనా అనకుండా కంచం తీసుకుపోయింది. ఎంత రాతిగుండె అనుకున్నాడు.

చంపాపేట్‌లో ఉండే మేనల్లుడు తిరుపతి ఆదుకున్నాడు. మన్ను లేకుండా గడ్డి పెంచడం ఫోన్లో చూపించాడు. మక్కజొన్న గింజలు నానబెట్టి, గోనెసంచిలో మొలకెత్తించి, ట్రేలలో పరిచి నీళ్లు చిలకరిస్తే వారం తిరిగేసరికి జానెడు పచ్చగడ్డి. వేర్లతో సహా చాపలా ఎత్తి బర్రె ముందు వేయడమే. కొట్టంలోనే ఇనుప అరలు బిగించి, నీళ్లు వాటంతటవే పడేలా టైమర్ కూడా పెట్టి వెళ్లాడు.

ఆ గడ్డి లచ్చి నోట పడిందో లేదో, గిన్నె నిండడం మొదలైంది. అక్కడే పాండురంగానికి లెక్క కుదరలేదు. పొదుగు చూస్తే వడిలిపోయి ఉంది. గిన్నె చూస్తే పొంగిపోతోంది. తన కళ్లతో చూద్దామని కొట్టంలోకి వెళితే బుచ్చవ్వ గదమాయించింది.

"నువ్వు అవుతలికి పో! నువ్వు నిలబడితె ఇది పాలు చేపుతలేదు."

"పదేండ్లసంది నిలబడ్డ. ఇప్పుడేమొచ్చింది దీనికి?"

"సిగ్గొచ్చింది."

మీగడ కూడా పలుచబడింది. అదేమిటని అడిగితే బుచ్చవ్వ దగ్గర దానికీ జవాబుంది. "నీళ్లల్ల పెరిగిన గడ్డాయె. మీగడ గట్లనే ఉంటది మరి."

నిజమే కాబోలు అనుకున్నాడు. కాదేమో అని కూడా అనుకున్నాడు.

అన్నిటికంటే అంతుపట్టనిది వర్ష వ్యవహారం. కొట్టం దరిదాపులకొస్తే ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునే పిల్ల, ఇప్పుడు రోజూ తెల్లారకముందే వాకింగ్ అని వెళ్లొచ్చి, మూత బకెట్ పట్టుకుని నేరుగా కొట్టంలోకి నడుస్తోంది.

"ఏంది బిడ్డా బకెట్?"

"నీళ్లు మామయ్యా. ట్రేలకు."

"టైమర్ ఉన్నది గద?"

"నాకా టైమర్ మీద నమ్మకం లేదు."

పాలు తగ్గాయేమో చూసిపోవడానికి వస్తోందని పాండురంగానికి అర్థమైంది. లచ్చి ఎప్పుడు కదులుతుందా, అద్దాలు ఎప్పుడు బిగిద్దామా అని కాచుకుని కూర్చుంది. కోడలి మీద కోపం వచ్చింది. ఆ పిల్లకూ ఒక ఆశ ఉందని గుర్తొచ్చి, ఆ కోపం నిలబెట్టుకోలేకపోయాడు.

దసరా రానే వచ్చింది. ఆ తెల్లవారుజామున బుచ్చవ్వ ఒళ్లు కాలిపోతోంది. మూలుగుతూ పడుకున్నదాన్ని లేపబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ గెలిచి, ఆఖరి రోజు ఓడిపోవడమా? దండెం మీది బుచ్చవ్వ పాత చీర తీసి ఒళ్లంతా చుట్టుకుని, తల మీదుగా కొంగు కప్పుకున్నాడు. పిండే మనిషి మారినప్పుడు బర్రెను నమ్మించడానికి వాళ్ల నాయిన చేసిన ఉపాయమే అది.

లచ్చి వాసన చూసింది, నమ్మింది, చేపింది. పాండురంగం వంగి పిండాడు. లోటా నిండలేదు. మళ్లీ పిండాడు. చుక్క రాలేదు. నిన్నటిదాకా పొంగిన గిన్నె ఇవాళ అడుగు కూడా దాటలేదు. తన చేతిలోనే ఏదో పాపం ఉందనిపించింది. లచ్చి డొక్కకు తల ఆనించి, "నేనే చెడగొట్టిన్నే తల్లీ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాకిట్లో అడుగుల చప్పుడైంది. వర్ష. చేతిలో అదే బకెట్. తన ఓటమి చూడడానికి సరిగ్గా వేళకే వచ్చింది. పాండురంగం కొంగు ముందుకు లాక్కుని, తల తిప్పకుండా కూర్చున్నాడు.

"జల్ది అత్తమ్మా, మామయ్య లేస్తడు" అని గుసగుసగా అంటూ వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

బకెట్ మూత తీసి, పాల ప్యాకెట్లు బయట పెట్టింది.