రెండు కుర్చీల పరీక్ష

“ఆ వెలుగు కంట్లో పడితే చూపు పోదూ? పోనీ ఒళ్ళు కాలదూ? ఆ యంత్రం టపామని పేలితే?”

తల్లి భయం ఇంటి గుమ్మంలో మొదలై, నాలుగు బస్‌స్టాపులు దాటి, మూడంతస్తుల మెట్లెక్కి, కూతురి ప్రయోగశాల దాకా వచ్చింది.

“పేలదమ్మా. నీ చేతి గడియారంలో అంకెలు చూపిస్తుందే, ఆ లిక్విడ్ క్రిస్టలే ఇదీ. అదెప్పుడైనా పేలిందా?”

“పేల్లేదు. రెండుసార్లు ఆగిపోయింది.”

కూతురు నవ్వేసి యంత్రం చూపించింది. బల్ల మీద అగ్గిపెట్టెలో పట్టేంత గాజు బిళ్ళలు వరసగా బిగించి ఉన్నాయి. ఒక్కో బిళ్ళలో లక్షల చుక్కలు. లేజరు వెలుగు పడగానే ఒక్కో చుక్క దాన్ని చెప్పినంతసేపు ఆపి వదులుతుంది. అలా వెనకాముందుగా బయల్దేరిన వెలుగంతా గాలిలో ఒకచోట కలుసుకుని మనిషి ఆకారం కడుతుంది. కళ్ళజోడు అక్కర్లేదు. ఏ పక్కనుంచి చూసినా మనిషే. మూడేళ్ళ చాకిరీ అది.

తల్లి చదువు ఏడో తరగతితో ఆగింది. “అంటే వెలుగుబొమ్మ” అని రెండు ముక్కల్లో తేల్చేసింది. కూతురు కాదనలేకపోయింది.

ఆ పూట పై అధికారులు వస్తున్నారు. వాళ్ళు సరేనంటే పని సాగుతుంది. కాదంటే గది ఇంకొకరిది, యంత్రం అటక మీదిది. పైగా ఒక మెలిక పెట్టారు. దారినపోయే దానయ్యను ఎవరైనా బురిడీ కొట్టిస్తారట. కన్నతల్లి పోల్చుకోలేకపోతేనే ఒప్పుకుంటారట.

“అమ్మా, పరదా తీశాక రెండు కుర్చీల్లోనూ నేనే కనిపిస్తాను. అడిగినదానికి చూసింది చూసినట్టు చెప్పు. నా కోసం అబద్ధం మాత్రం ఆడకు.”

“నేనా? అబద్ధమా? బుద్ధెరిగాక ఒక్కటి ఆడి ఎరగను. ఆడితే కళ్ళు పోతాయని మా అమ్మ చెప్పింది.”

“ఇప్పుడు వెలుక్కి పోతాయన్నావు, మళ్ళీ అబద్ధానికా? నీకెన్ని కళ్ళున్నాయే?” అంటూ కూతురు పరదా వెనక్కి వెళ్ళిపోయింది.

అధికారులు ఇద్దరు. ఒక బట్టతల పెద్దాయన, గొలుసు కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. పెద్దాయన నేల మీద అడ్డంగా కట్టిన తాడు చూపించాడు.

“ఇది దాటకూడదమ్మా. ఎంతసేపైనా మాట్లాడండి, వాళ్ళు మాత్రం బదులివ్వరు. మీ అమ్మాయి ఎవరో చెప్పండి, చాలు.”

పరదా తొలగింది.

ఇద్దరు కూతుళ్ళు. అదే నీలం చొక్కా, అదే జడ, చుబుకం మీద అదే పుట్టుమచ్చ. ఇద్దరూ రెప్పలార్పుతున్నారు. ఇద్దరూ ఊపిరి తీస్తున్నారు.

“అయ్యో, ఇద్దరూ చిక్కిపోయారేమిటి!” అంది. గొలుసు కళ్ళజోడావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తల్లి ఎడమ కుర్చీ చూసింది, కుడి కుర్చీ చూసింది. తేడా చిక్కలేదు. ఇంతలో ఆమె బుర్రలో వేరే పిడుగు పడింది.

“ఒసేయ్, గ్యాస్ కట్టేశానంటావా? పాలు పెట్టినట్టు గుర్తు, దించినట్టు గుర్తు లేదే! ఇల్లంతా అంటుకుని ఉంటుంది. పక్కింటి వాళ్ళ పిల్లి మన వంటింట్లోనే పడుకుంటుంది కూడానూ!”

ఎడమ కుర్చీలో అమ్మాయి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. కుడి కుర్చీలో అమ్మాయి ముక్కుపుటాలు అదిరాయి. కింది పెదవి పంటి కింద పడింది. పాతికేళ్ళుగా తల్లి మాటలకు నవ్వు ఆపుకునే తీరు అది.

ఇదే నా పిల్ల! తల్లి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఉసూరుమంది. నిజం చెబితే మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు. చెప్పకపోతే తన మాట బూడిద.

“ఎవరమ్మా?” అన్నాడు పెద్దాయన.

తల్లి మనసులోనే వాళ్ళమ్మకి క్షమాపణ చెప్పుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, వేలు ఎడమ కుర్చీ వైపు చాచింది.

“ఇదేనండీ నా కూతురు. కుడి పక్కది వెలుగుబొమ్మ. మొహంలో బొత్తిగా జీవం లేదు.”

అధికారులిద్దరూ మొహాలు చూసుకుని పకపకా నవ్వారు. పెద్దాయన కాగితం మీద సంతకం గీకేశాడు. “పని సాగనివ్వండి. గది మీదే” అని లోపలికి కేకేసి, ఆవిడతో కలిసి మెట్లు దిగిపోయాడు.

తల్లి ఒక కన్ను తెరిచి చూసింది. చూపు ఉంది. రెండోదీ తెరిచింది. ఉంది. గబగబా తాడు దగ్గరకు వెళ్ళి కుడి కుర్చీ వైపు వంగి గుసగుసలాడింది.

“లేవవే, వాళ్ళు వెళ్ళిపోయారు. యాభై ఆరేళ్ళొచ్చాక నీ కోసం అబద్ధమాడాను. నిన్ను గుర్తుపట్టనిదాన్ననుకున్నావా? ఎవరితోనూ అనకు.”

కుడి కుర్చీలో అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. పలకలేదు.

“ఏమే, కోపమా?”

అమ్మాయి భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“మాట పడిపోయిందా ఏమిటి? చెబుతూనే ఉన్నాను, ఆ వెలుగు మంచిది కాదని! డాక్టర్ని పిలవనా? పలకవే తల్లీ!”

తల్లి తాడు దాటడానికి కాలెత్తింది.

చివరికి కుడి కుర్చీలో పెదవులు కదిలాయి, మాట మాత్రం వెనక గది తలుపు సందులోంచి వచ్చింది: “అమ్మా, ఎడమది నిన్న తీసిన బొమ్మ, కుడిది ఇప్పటి బొమ్మ. నేనిక్కడ కెమెరా ముందున్నానే, అక్కడ రెండు కుర్చీలూ ఖాళీయే!”